రాగిరేకు పక్కన పెట్టిన కాగితం

ఆ కాగితాన్ని నేను ఇంతకుముందు ఒకసారి చదివాను. రెండోసారి చదవడానికి జనగామ నుంచి కాటారం దాకా పోవలసి వచ్చింది. అటువైపు పోని వాళ్ల కోసం ఈ ప్రయాణం గురించి రాస్తున్నాను. రోజూ డైరీ రాసే అలవాటు ఉంది కాబట్టి ఏ పూట ఏం తిన్నామో, ఎవరు ఏమన్నారో మరిచిపోలేదు. కొన్ని మాటలు మరిచిపోతే బాగుండుననిపించింది కానీ అవి కూడా డైరీలోనే ఉన్నాయి.

ఆ అలవాటు అరవై తొమ్మిదిలో మొదలైంది. తెలంగాణ ఉద్యమంలో బడులు నెలల తరబడి మూతపడ్డాయి. మా నాయిన మగ్గం పక్కన కూర్చుని, పాత నోటుబుక్కుల్లో మిగిలిపోయిన తెల్ల కాగితాల మీద రాయడం మరిగాను. నలుగురిలో నా గొంతు లేవదు. జనగామ లైబ్రరీలో నాకు ఉద్యోగం దొరికిందంటే అక్కడ ఎవరూ మాట్లాడకూడదు కాబట్టేనని మా మేనత్త నర్సవ్వ అంటుంది.

మాది బచ్చన్నపేట దగ్గరి సాలె కుటుంబం. మా వాడకట్టుకు మూడేళ్లకొకసారి రాజీరు తాత వచ్చేవాడు. మా కులం పుట్టుక కథను పటం మీద చెప్పడం వాళ్ల ఇంటి వృత్తి. పటం అంటే ఇరవై మూరల పొడుగు బట్ట. ఎర్రటి నేల మీద వరుసగా బొమ్మలుంటాయి. రెండు గుంజలు పాతి, చుట్టను కొంచెం కొంచెం విప్పుతూ, ఒక్కో బొమ్మను కట్టెతో చూపిస్తూ మూడు రోజులు కథ చెప్పేవాడు. మేము అన్నం పెట్టి, పోయేటప్పుడు గింజలు కొలిచేవాళ్లం.

ఏడేళ్ల కింద ఒక విదేశీ పండితుడు టేపురికార్డరు పట్టుకుని మా ఊరికి వచ్చాడు. ఊరంతా ఆయనను తెల్లసారు అన్నది. మా వంతు ఏడు కాకున్నా తాతను పిలిపించి, చెప్పిన కథంతా టేపు చేసుకున్నాడు. అది విని తెలుగులో రాయడానికి, చేతిరాత బాగుంటుందని, నన్ను పెట్టుకున్నాడు. పదకొండు నోటుబుక్కులు రాసి ఇచ్చాను. పోయే ముందురోజు ఇంగ్లీషులో టైపు చేసిన కాగితం ఒకటి తీసి, తాతకు చదివి చెప్పమన్నాడు. వాడకట్టంతా చుట్టూ నిలబడి చూస్తున్నది. నడుమ రెండు వరుసలు నాకు అర్థం కాలేదు. కాలేదని చెప్పడానికి సిగ్గేసింది. ఆ రెండూ దాటేసి, "తాతా, నువ్వు ఇష్టంతోనే చెప్పినవట, వాళ్ల దేశంల అచ్చేసుకునే హక్కు సారుకు ఇస్తున్నవట" అన్నాను. తాత వేలిముద్ర వేశాడు. ఒక ప్రతి సారు దగ్గర, ఒక ప్రతి తాత దగ్గర ఉండిపోయాయి.

పుస్తకం ఆ దేశంలో ఇంగ్లీషులో వచ్చింది. దాని ధర నా రెండు నెలల జీతానికి ఎక్కువ. హైదరాబాదులో బీరువాలో పెట్టి తాళం వేసిన ప్రతిని ఒక్కసారి చూడనిచ్చారు. పటం బొమ్మను తిరగేసి అచ్చు వేశారు. రాజులందరూ ఎడమచేత్తో కత్తి పట్టుకున్నారు.

రాజీరు తాతకు కొడుకులు లేరు. అల్లుడు రైల్వేలో పనిచేస్తాడు, ఆయనకు కథ రాదు. "నేను పోయినంక మీ పిల్లలకు ఎవలు చెప్తరు? నువ్వు రాసినవు గద బిడ్డ, అచ్చు చెయ్యి" అని తాత రెండుసార్లు అడిగాడు. నా దగ్గర చిత్తుప్రతులు ఉన్నాయి. వాటిని శుద్ధప్రతి చేసి, పల్లె కథలను చౌక ధరకు అచ్చు వేసే సర్కారు ఆఫీసుకు పట్టుకుపోయాను. అక్కడి ఆఫీసరు నాలుగు పేజీలు తిప్పి, "ఇది విదేశీ ప్రచురణకర్త సొత్తు కదమ్మా" అన్నాడు. ముసలాయన దగ్గరున్న కాగితం తేవాలట. అందులో తెలుగు హక్కు ఇవ్వకపోయి ఉంటే ఈ ఏటి జాబితాలో వేస్తారట. ఇచ్చి ఉంటే, ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదం చేసుకుంటామని ఆ దేశం వాళ్లను నేను అనుమతి అడగాలట.

"ఇది తెలుగే కద సార్" అన్నాను. ఆయనకు వినపడలేదనుకుంటాను.

"అయినా ఈ భాష దిద్దాలి. ఇంగ్లీషులోనే శుభ్రంగా ఉంది" అన్నాడు. నెలాఖరు దాకా గడువిచ్చాడు.

రైల్లో పాటల పుస్తకం

ఒంటరిగా పంపడానికి నాయిన ఒప్పుకోలేదు. నర్సవ్వ అత్తమ్మ తోడు వచ్చింది. ఆమె సంచిలో జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం. నా సంచిలో లైబ్రరీ నుంచి అడిగి తెచ్చుకున్న ఇంగ్లీషు నిఘంటువు. సంచి ఎత్తి చూసి, "ఏందే గిది, రోలు మోసుకొస్తున్నవా" అన్నది.

కాజీపేట దాటాక సినిమా పాటల పుస్తకాలు అమ్మే ఆయన ఎక్కాడు. చేతిలో తాడుకు గుచ్చిన సన్నని పుస్తకాలు, ఒక్కోటి పావలా. ఒకటి తీసుకుని తిప్పాను. అచ్చు వేసిన ప్రెస్సు పేరు లేదు, ఊరు లేదు, పాట రాసినవాళ్ల పేరు లేదు. అట్ట వెనక మాత్రం "సర్వహక్కులు ప్రచురణకర్తవి" అని ఉంది.

"ఎవలు అచ్చేస్తరు ఇవి?" అని అత్తమ్మ నా బదులు అడిగింది.

"ఎవలో ఒకలు ఏస్తరు అవ్వా. మేం అడగం, వాళ్లు చెప్పరు."

"మరి హక్కులని రాసిండ్రట గద?"

"అది రాయకుంటే పుస్తకం లెక్క కనవడది" అని నవ్వాడు.

మా లైబ్రరీలో ఇంగ్లాండులో రాసిన డాక్టరీ, ఇంజనీరింగు పుస్తకాలు చౌకగా వచ్చినవి అల్మారా నిండా ఉన్నాయి. రెండు సర్కార్లు మాట్లాడుకుని ధర తగ్గించాయట. వాటి మీద "ఈ దేశంలో మాత్రమే అమ్మాలి" అని ముద్ర ఉంటుంది. అక్కడి పుస్తకం ఇక్కడికి రావడానికి ఒక ఏర్పాటు ఉంది. ఇక్కడి నుంచి పోయిన కథ మళ్లీ ఇక్కడికి రావడానికి మాత్రం ఏర్పాటు లేదు. పావలా ఇచ్చి ఆ పాటల పుస్తకం కొన్నాను. అత్తమ్మ నాలుగు స్టేషన్ల దాకా తిడుతూనే ఉంది.

మానుకోట: పెద్దన్న ఇల్లు

మహబూబాబాద్‌ను మాతోబాటు ఎక్కినవాళ్లంతా మానుకోట అనే అన్నారు. పటం చెప్పేవాళ్లు కోతలయ్యాక ఇల్లు విడుస్తారు, ఎక్కడున్నారో ఇంటివాళ్లకే తెలియాలి. అందుకని ముందు రాజీరు తాత అన్న సాంబయ్య ఇంటికి పోయాము. ఆయనకు పక్షవాతం వచ్చి ఎడమచేయి పడిపోయింది. అయినా మమ్మల్ని చూడగానే లేచి నిలబడ్డాడు. మేము వాళ్లకు అన్నం పెట్టే ఇంటివాళ్లం. మాకంటే ముందు కూర్చోకూడదని వాళ్ల పట్టు. ముసలాయన నిలబడి ఉంటే నాకు కూర్చోబుద్ధి కాలేదు. ఇద్దరం నిలబడే ఉన్నాము. అత్తమ్మ మాత్రం గడపలో కూర్చుని ఆకు, వక్క తీసింది.

కోడలు బియ్యప్పిండితో సర్వపిండి చేసి పెట్టింది. మా వైపు గిన్నెకు అద్ది కాలుస్తాము, ఆమె వెడల్పు పెనం మీద పలుచగా తట్టింది. అడిగితే, "పల్లీలు ఎక్కువేసి కరకర కాల్చిన, నమలనీకి నీకు పండ్లున్నయి గద" అన్నది.

కాగితం సంగతి చెప్పాను. సాంబయ్య తాత నవ్వాడు.

"ఎర్కనే. మా తమ్ముడు తెల్లసారుకు వాళ్ల దేశం ఇచ్చిండు. అది మా రాగిరేకుల లేని ఊరు. ఇస్తే నష్టమేంది."

నాకు అర్థం కాక అత్తమ్మ వైపు చూశాను. ఆయనే విడమరిచి చెప్పాడు. ఏ ఇంటివాళ్లు ఏ ఊళ్లలో కథ చెప్పాలో రాగిరేకు మీద ఉంటుంది. దాన్ని మిరాశి అంటారు. అన్నదమ్ములు విడిపోతే ఊళ్లు పంచుకుంటారు. ఈయనకు మానుకోట, గూడూరు వైపు వచ్చాయి. తమ్ముడికి మా బచ్చన్నపేట వైపు, కాటారం వైపు, గోదావరి అవతల మహారాష్ట్రలో నాలుగు ఊళ్లు వచ్చాయి. రాగిరేకు రాసిననాడు అక్కడ రాష్ట్రాల గీత లేదు. బిడ్డ పెళ్లికి అల్లుడికి రెండు ఊళ్లు ఇవ్వవచ్చు.

"ఇచ్చినంక?" అన్నది అత్తమ్మ.

"ఇచ్చినంక ఆ ఊర్ల మనం పటం విప్పరాదు. అన్నం లేక సచ్చినా విప్పరాదు. తీసుకున్నోడు మూడేండ్లకొక్కపారన్న పోయి చెప్పాలె. పోకుంటే ఊరి పెద్దమనుషులు కూసోని ఇంకోనికి ఇచ్చుకుంటరు. ఉత్తగ పెట్టుకుంటనంటే మిరాశి గాదు."

వాళ్లకు కావలసినంత చట్టం ఉంది. నేను ఏడేళ్ల కింద "హక్కు" అన్నప్పుడు రాజీరు తాత చెవికి ఏం వినపడిందో అక్కడ నిలబడి తెలుసుకున్నాను. అల్లుడికి రెండు ఊళ్లు ఇచ్చినట్టు, ఆయన ఆ సారుకు ఒక దేశం ఇచ్చాడు.

"రాజీరు కాటారంల ఉంటడు ఈ వారమంత" అన్నాడు సాంబయ్య తాత. "గూడూరు మీదికెల్లి పోతరు గద, ఆడ సాలోళ్లకు చెప్పుండ్రి, నాకు చెయ్యి పడిపోయినా నోరు పడిపోలేదని. వస్త."

గూడూరు: మిర్చి పొట్లం

గూడూరు చేరకముందే బస్సు టైరు పోయింది. డ్రైవరు దిగి టైరును కాలితో తన్ని, మమ్మల్ని నడవమన్నాడు. ఊరు కనపడుతూనే ఉంది. నా చెప్పు పట్టె తెగింది. అత్తమ్మ తన కొంగు అంచు చింపి కట్టింది. ఎర్ర కొంగు ముక్క కట్టుకున్న ఆ చెప్పుతోనే మిగిలిన ప్రయాణమంతా చేశాను.

సాంబయ్య తాత చెప్పిన మాట అందించడానికి మగ్గాలున్న నాలుగు ఇళ్లకు పోయాము. ఒక్క ఇంట్లోనే మగ్గం ఆడుతున్నది. ఆ ఇంటి ముసలమ్మ, "చెయ్యి లేకుంటే పటం ఎవలు విప్పుతరు? మేమే ఇద్దరం పట్టుకుంటమని చెప్పు" అన్నది.

బస్టాండు పక్కన తడికెల హోటలులో చాయ అర్ధ రూపాయి. మిర్చిబజ్జీలు పొట్లం కట్టి ఇచ్చింది హోటలామె. పొట్లం విప్పి చూస్తే బడి వాచకం కాగితం. అది చింపిన పాత పుస్తకం కాదు. అచ్చు వేసి ఇంకా మడత పెట్టని పెద్ద కాగితం, ఇంకు వాసన కూడా పోలేదు. గోదావరి డెల్టాలో వరి పంట గురించిన పాఠం మీద మిరపకాయ నూనె ఇంకుతున్నది.

"ఇవి ఎక్కడియి?" అన్నాను. ప్రయాణంలో ముక్కూ మొహం తెలియనివాళ్లతో నేను మాట్లాడిన మొదటి మాట అదే.

"కిలోల లెక్క వస్తయి బిడ్డ. బడులు తెరిసినంక నాలుగు నెలలకు అచ్చయినయట. అప్పటికి పిల్లలు గైడ్లు కొనుక్కున్నరు, ఇవి మిగిలినయి. నూనె మంచిగ గుంజుతయి."

హైదరాబాదు ఆఫీసరు కాగితం కరువు గురించి కూడా చెప్పాడు. సర్కారు తక్కువ ధరకిచ్చే కాగితం బడి పుస్తకాలకే పోతున్నది కాబట్టి కథల పుస్తకాలు ఓపిక పట్టాలట. నేను పొట్లం మడిచి డైరీలో పెట్టుకున్నాను. ఆ పేజీ ఇప్పటికీ నూనె మరక పడి ఉంది.

"పెండ్లి గాలేదా పిల్లకు?" అని హోటలామె అత్తమ్మను అడిగింది.

"నోరు తెరిస్తే ఎవడన్న చేసుకుంటడు" అన్నది అత్తమ్మ. "ఇయ్యాల తెరిసింది. మిర్చి కాగితం కోసం."

భూపాలపల్లి: నేల కింద

అడవి దారిలో మోదుగలు పూసి ఉన్నాయి. మా బచ్చన్నపేట నేల ఎండి పగిలి ఉంటుంది. ఇక్కడ ఫాల్గుణంలోనూ వాగుల్లో నీళ్లు. అత్తమ్మకు అది నచ్చలేదు. "గిన్ని నీళ్లు ఊరికె పోతుంటే సూడబుద్ధి గాదు" అని కిటికీ వైపు వీపు పెట్టి కూర్చున్నది.

భూపాలపల్లిలో బస్సు కోసం చాలాసేపు ఉన్నాము. రేగుపండ్లు అమ్మే ముసలాయన మా పక్కన కూర్చున్నాడు. సోలెడు పావలా అన్నాడు, అత్తమ్మ రెండు సోలెలు తీసుకుని ఒకదానికే ఇచ్చింది, ఆయన గుర్తుచేస్తే మిగిలింది ఇచ్చింది. బొగ్గుందో లేదో చూడడానికి తన చేనులో బోరు దించారని ఆయన చెప్పాడు.

"ఉన్నదా?"

"ఉన్నదట. మీది మన్ను నాదట, కింది బొగ్గు సర్కారుదట. కాగితం సూపించిండ్రు."

"ఏమున్నది అండ్ల?" అని అడిగాను.

"నాకేం ఎర్క బిడ్డ. సదివినోళ్లు ఉన్నరని వేలు పెట్టిన."

ఆ తర్వాత రేగుపండ్లు తినబుద్ధి కాలేదు. అత్తమ్మ రెండు సోలెలూ తినేసింది.

కాటారం: పెట్టె

కాటారం సాలెవాడలో అప్పటికే గుంజలు పాతారు. మరునాడు పొద్దున కథ మొదలు. పందిరికి మామిడాకులు కడుతున్నారు. ఆడవాళ్లు విస్తరాకులు కుడుతున్నారు. మా వైపు కథకు పెళ్లిళ్లంత హడావుడి ఉండదు. ఇక్కడ ఆడబిడ్డలను కూడా పిలిచారు.

రాజీరు తాత బాగా చిక్కిపోయాడు. "రామనర్సయ్య బిడ్డవు గద, గింత దూరం నువ్వే వచ్చినవా" అని నా ముఖంలోకి చూశాడు. ఆయన భార్య లచ్చవ్వ నా చెప్పుకు కట్టిన కొంగు ముక్కను చూసి, "సాలోళ్ల పిల్ల, చెప్పుకు గూడ చీర కట్టింది" అన్నది.

వచ్చిన పని చెప్పాను. కాగితంలో తెలుగు మన చేతిలోనే ఉంటే పుస్తకం అచ్చవుతుందని చెప్పాను. తాత ముఖం వెలిగింది. వెంటనే రేకుపెట్టె తెప్పించి, చేతులు కడుక్కుని తెరిచాడు. పైన పటం చుట్ట. దాని కింద పసుపు బట్టలో రాగిరేకు. రాగిరేకు మీదనే, అదే బట్టలో, మడత పెట్టిన ఆ కాగితం. నాలుగు మూలలా పసుపు పూసి, నడుమ కుంకుమబొట్టు పెట్టారు. ఏటా దసరాకు రాగిరేకుతో పాటు దానికీ పూజ చేశారట.

"అప్పుడు నువ్వే సదివినవు. మల్ల నువ్వే సదువు" అని రెండు చేతులతో ఇచ్చాడు.

నిఘంటువు తీయనక్కర లేకపోయింది. ఈ ఏడేళ్లు లైబ్రరీలో ఊరికే కూర్చోలేదు. దాటేసిన రెండు వరుసలు ఎక్కడున్నాయో కన్ను వెతక్కుండానే పట్టుకుంది. కథనంతా, ఏ రూపంలోనైనా, ఏ భాషలోనైనా, లోకమంతటా, ఎప్పటికీ అచ్చు వేసే హక్కును పూర్తిగా ఇచ్చివేస్తున్నాను అని ఉంది.

నేను మళ్లీ దాటేయగలిగేదాన్ని. చుట్టూ ఉన్నవాళ్లలో ఎవరికీ ఇంగ్లీషు రాదు. ఆఫీసరు కాదంటాడు, తాతతో సర్కారు ఒప్పుకోలేదని చెప్పి ఊరుకోవచ్చు. ఇది ఆలోచించానని రాయడానికి కూడా సిగ్గుగానే ఉంది.

"తాతా, అప్పుడు నేను రెండు వరుసలు సదవలే" అన్నాను.

"ఎందుకు సదవలే?"

"అర్థం గాలే. గాలేదని చెప్పనీకి సిగ్గయింది."

అప్పుడు ఆ రెండు వరుసలను తెలుగులో చెప్పాను. ఒక్క మాట కూడా వదలలేదు. తాత పటం చుట్ట మీద చేయి వేశాడు.

"కాటారం ఉన్నదా అండ్ల?"

"ఊర్ల పేర్లు లేవు తాతా. లోకమంత అని ఉన్నది."

"కాటారం లోకంల లేదా?"

లచ్చవ్వ నా వైపే చూస్తూ, "నీ సిగ్గుకు గిన్ని ఊర్లు పోయినయా పిల్లా" అన్నది. తిట్టినట్టు లేదు. లెక్క సరిచూసుకున్నట్టు అన్నది.

తాత పటాన్ని పెట్టెలో పెట్టి మూత వేశాడు. బయటికి పోయి, మామిడాకులు కడుతున్న కులపెద్ద ఓదెలుతో, "గుంజలు తీసెయ్యుండ్రి" అన్నాడు. ఓదెలు పరాచికమనుకుని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపాడు.

"ఏందన్నా, చుట్టాలను పిలిచినం. బియ్యం నానపెట్టినం."

"కథ నాది గాదు ఓదెలూ. ఇచ్చేసిన్నట. ఇచ్చినంక ఎట్ల విప్పుత?"

నాకు గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. అందరి ముందూ లేచాను. ఆ కాగితం అచ్చుకు మాత్రమే అన్నాను. నోటితో చెప్పడానికి ఏ దేశం చట్టమూ అడ్డం రాదన్నాను. తెల్లసారుకు కూడా ఆ ఉద్దేశం ఉండదన్నాను. మూడుసార్లు చెప్పాను.

తాత శాంతంగా విన్నాడు. "అది వాళ్ల న్యాయం బిడ్డ. మా న్యాయంల అచ్చు, నోరు అని రెండు లేవు. నేను వేలు పెట్టిన. ఏడేండ్ల సంది ఇచ్చిన ఊర్లల్ల దొంగ లెక్క కథ చెప్తున్న. తెల్వక చెప్పిన. ఇగ తెలిసె."

ఓదెలుకు కోపం వచ్చింది. "గట్లయితే మాకు కథ ఎవలు చెప్తరు? ఆ తెల్లోడు వస్తడా?"

"రావాలె" అన్నది లచ్చవ్వ. "ఊర్లు తీసుకున్నోడు వచ్చి చెప్పాలె గద. వచ్చి గీ గుంజల కాడ నిలవడాలె, మీరు పెట్టింది తినాలె, పటం మోయాలె. మూడేండ్ల లోపు రాకుంటే ఊరు కూసుంటది. రాయి పిల్లా. చదువు నీదే, రాత నీదే. రమ్మని రాయి."

అందరూ నా వైపు చూశారు. అత్తమ్మ సంచిలోంచి కలం తీసి నా చేతిలో పెట్టింది.

మరునాడు

నానిన బియ్యం పారేయలేరు కాబట్టి పొద్దున వంట చేశారు. అన్నం, పప్పుచారు, పచ్చిపులుసు. పిలిచిన ఆడబిడ్డలు ఖాళీ గుంజల ముందు కూర్చుని తిన్నారు. ఒకామె, గోదావరి అవతలి నుంచి వచ్చింది, చంకలో పిల్లను ఎత్తుకుని, "దీనికి మొదటిపారి సూపిద్దామని తెచ్చిన" అని ఎవరితోనో అంటున్నది. ఓదెలు తాతకు గింజల మూట ఇవ్వబోయాడు. తాత తీసుకోలేదు.

"చెప్పకుంట ఎట్ల తీసుకుంట? ఇయ్యాల చుట్టపోని లెక్క తింట" అని అందరితో పాటు వరుసలో కూర్చున్నాడు. వాళ్ల ఇంటివాళ్లు మా కులంవాళ్ల వరుసలో కూర్చోవడం నేను ఎన్నడూ చూడలేదు. ఎవరూ లేవమనలేదు.

తాత చెప్పినట్టే తెలుగులో రాసి, కింద ఇంగ్లీషులో రాశాను. "సారుకు రాజీరు దండం పెట్టి రాయించేది. నీకు నీ దేశమే ఇచ్చిన అనుకున్న. కాగితంల అన్ని ఊర్లు ఉన్నయట. మంచిది. ఈ ఊర్లోళ్లు ఎదురుచూస్తున్నరు. వచ్చి కథ చెప్పు. రానంటే ఊర్లు తిరిగి ఇయ్యి. ఇది మూడేండ్ల మాట." నేను ఒక్క మాట కూడా దిద్దలేదు.

పోస్టుమాస్టరు చిరునామా రెండుసార్లు చదివి, "ఈ దేశానికి కాటారం నుంచి ఇదే మొదటి ఉత్తరం" అన్నాడు. ముద్ర బాగా పడాలని ఊది ఊది వేశాడు.

తిరిగి వచ్చాక

ఆఫీసరుకు కాగితంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. జాబితాలోంచి మా పుస్తకం పేరు కొట్టేశాడు. నిజం చెప్పినందుకు మెచ్చుకున్నాడు కూడా.

నాలుగు నెలలకు జవాబు వచ్చింది. తెల్లసారు నుంచి కాదు, ఆయన పుస్తకం వేసిన కంపెనీ నుంచి. మా ప్రచురణ మీద మీకున్న ఆసక్తికి కృతజ్ఞతలు, తెలుగు అనువాద హక్కులు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు, ఈ ఫారం నింపి పంపండి అని ఉంది. రాజీరు తాత పిలుపు గురించి ఒక్క ముక్క లేదు.

ఆ మాఘంలో మా ఊరి వంతు. తాత రాలేదు. మానుకోట నుంచి సాంబయ్య తాతను పిలిస్తే, అవి తన ఊళ్లు కావని ఆయనా రాలేదు. మా వాడకట్టులో నాకు తెలిసి కథ లేకుండా పోయిన మొదటి వంతు అది. ఎందుకు పోయిందో అందరికీ తెలుసు. ఎవరూ నన్ను ఏమీ అనరు. నీళ్లకు పోతే బిందె తీసి నాకు దారి ఇస్తారు.

ఫారంలో మూల రచయిత పేరు అడిగారు. రాజీరు అని రాశాను. అనువదించేది ఏ భాష నుంచి అన్నచోట తెలుగు అని, ఏ భాషలోకి అన్నచోట మళ్లీ తెలుగు అని రాశాను. ఏ ప్రాంతానికి హక్కు కావాలి అనే చోట ఒక్క గీత జాగానే ఉంది. రాగిరేకు మీదున్న తాత మిరాశి ఊళ్లు నేను కాటారంలో డైరీలో ఎక్కించుకున్నాను. బచ్చన్నపేట వైపు ఊళ్లు ముందు రాశాను, తర్వాత కాటారం వైపువి, తర్వాత గోదావరి అవతలి నాలుగు. గీత దాటి, అంచు దాటి, కాగితం వెనక్కి పోయాయి. ఒక్క ఊరు కూడా వదలలేదు.

అది పంపాక ఇంకా జవాబు రాలేదు. కాటారంలో ఆ గుంజలు తీయలేదని ఓదెలు రాయించాడు. మూడేళ్ల గడువులో రెండో ఏడు నడుస్తున్నది.